మీకు తెలుసా? డ్రయ్యర్ డ్రమ్ము తిరగకపోతే ముందు చేత్తో తిప్పి చూడాలి

అంత పెద్ద డ్రమ్మును, అందులోని తడిబట్టల బరువుతో సహా తిప్పేది చిటికెన వేలి గోరంత వెడల్పున్న ఒక రబ్బరు బెల్టు! అమెరికాలో ఇంటింటా కనిపించే, వేడిగాలితో బట్టలారబెట్టే డ్రయ్యర్ సంగతి ఇది. మన సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మిషన్లో పక్కనుండి నీళ్లు పిండే డ్రయ్యర్ కాదు.

మామూలుగా ఈ మిషన్లలో మోటారు నిమిషానికి సుమారు 1,725 చుట్లు తిరుగుతుంది, డ్రమ్ము మాత్రం 50 దాకా. మధ్యలో గేర్లేమీ ఉండవు. మోటారుకున్న బొటనవేలంత పుల్లీ మీది నుంచి బెల్టు నేరుగా డ్రమ్ము నడుముకు చుట్టుకుంటుంది. డ్రమ్మే పెద్ద పుల్లీ కాబట్టి వేగం దానంతటదే తగ్గిపోతుంది. బెల్టు వదులవకుండా పక్కన ఇంకో చిన్న పుల్లీ లాగి పట్టుకుంటుంది.

అందుకే డ్రమ్ము ఆగిపోతే ప్లగ్గు పీకి, తలుపు తీసి, చేత్తో తిప్పి చూడండి. బెల్టు ఉంటే డ్రమ్ము కాస్త బరువుగా, బెట్టుగా కదులుతుంది. ఒక్క తోపుకే గిర్రున తిరిగిందా, బెల్టు తెగినట్టే. అసలు కదలకపోతే కింది రోలర్లు అరిగి పట్టేశాయో, సందులో సాక్సో చిల్లరో ఇరుక్కుందో చూడాలి.

తర్వాత చెవికి పని. ప్లగ్గు మళ్లీ పెట్టి, తలుపు మూసి స్టార్ట్ నొక్కితే మోటారు హాయిగా తిరుగుతున్న శబ్దం వస్తూ డ్రమ్ము మాత్రం కదలకపోతే అనుమానం బెల్టు మీదే. కాసేపు మూలిగి ఆగిపోతే మోటారు స్టార్ట్ కాలేకపోతోందనో, ఏదో అడ్డం పడిందనో అర్థం. చడీచప్పుడూ లేకపోతే ముందు బ్రేకర్, తర్వాత తలుపు దగ్గరి స్విచ్చు. తలుపు మూసినప్పుడు టక్కుమనాల్సిన ఆ స్విచ్చు అరిగిపోతే, తలుపు తెరిచే ఉందనుకుని మిషన్ కదలదు. కొన్ని మోడళ్లలో బెల్టు తెగగానే మోటారును ఆపేసే స్విచ్చు కూడా ఉంటుంది కాబట్టి, నిశ్శబ్దాన్ని చూసి బెల్టు బాగానే ఉందనుకోకూడదు.

ఇంకో దొంగ, థర్మల్ ఫ్యూజు. గాలి బయటికి పోయే దారిలో ఉండే ఈ చిన్న ముక్క ఒకసారి పోతే ఇక పనికిరాదు. చాలా మోడళ్లలో అది పోతే మోటారే తిరగదు. కొత్తది వేసి ఊరుకుంటే అదీ పోతుంది, ఎందుకంటే అసలు జబ్బు చాలాసార్లు గొట్టంలో పేరుకున్న నూలుపీచు. యు.ఎస్. ఫైర్ అడ్మినిస్ట్రేషన్ అంచనా ప్రకారం 2008–2010 మధ్య అమెరికా ఇళ్లలో ఏటా 2,900 దాకా డ్రయ్యర్ అగ్నిప్రమాదాలు జరిగాయి. వాటికి మొదటి కారణం శుభ్రం చేయకపోవడమే.

మోటారు వేగం అందుకున్నాకే హీటర్‌కు కరెంటు వెళ్లేలా లోపల ఒక స్విచ్చు ఉంటుంది. మంచి ఏర్పాటే, కానీ అది కాపలా కాసేది మోటారుకు, డ్రమ్ముకు కాదు. బెల్టు తెగి మోటారు ఒక్కటే తిరుగుతుంటే వేడి వస్తూనే ఉంటుంది, బట్టలు ఒకేచోట కుప్పగా పడి కాగుతుంటాయి. ‘ఎలాగోలా ఆరతాయిలే’ అని వదిలేయకుండా వెంటనే ఆపేయాలి.

అపార్టుమెంటులో అద్దెకుంటే, మిషన్ ఓనర్లదే అయితే, విప్పే పని పెట్టుకోకండి. మెయింటెనెన్స్ వాళ్లకు చెబితే వాళ్లే వస్తారు. గ్యాస్ డ్రయ్యర్ అయితే సొంతిల్లయినా మెకానిక్కునే పిలవాలి. కరెంటుదై, చేతిలో పనితనముంటే బెల్టు మార్చడం మరీ కష్టమేం కాదు. పాత బెల్టు నడిచిన చోట డ్రమ్ము చుట్టూ నల్లటి గీత పడి ఉంటుంది, కొత్తది సరిగ్గా ఆ గీత మీదే, గాళ్లున్న వైపు డ్రమ్ముకు ఆనేలా వేయాలి. ముందు రేకు బిగించేలోపు డ్రమ్మును చేత్తో రెండు మూడు చుట్లు తిప్పితే బెల్టు మెలిపడిందో లేదో అప్పుడే తెలిసిపోతుంది.