నేరస్థలములు – నేరస్థుని నివాసము

ఒకే తీరు నేరములు వరుసగా జరిగినప్పుడు పోలీసులు పటముమీద గుండుసూదులు గ్రుచ్చుట పాత ఆచారమే. ఆ సూదులనుబట్టి నేరస్థుని యిల్లు కనుగొనవచ్చునా? ఈ ప్రశ్నకు గణితముతో సమాధానము వెదకినవాడు కెనడాలోని వాంకూవర్ పోలీసు ఉద్యోగి కిమ్ రాస్మో. 1995లో ఆయనకు డాక్టరేటు లభించినది ఈ పరిశోధనకే.

ఇందలి ఊహ కష్టమైనది కాదు. ఒక గొలుసుదొంగ కాజీపేటలో కాపురమున్నాడనుకొందము. తన వీధిలో దొంగిలింపడు, పొరుగువారు గుర్తుపట్టుదురు. అట్లని బొత్తిగా ఎరుగని చోటికిని పోడు. దినదినము పనిమీద హనుమకొండకు పోయివచ్చు దారిలో, సందుగొందులు తెలిసినచోటనే చేయి చాచును. కనుక ఇంటిచుట్టు కొంతమేర నేరములు తక్కువ. ఆ మేర దాటగానే ఎక్కువ. దూరము పెరిగినకొలది మరల తక్కువ. ఈ లెక్కను వెనుకకు నడిపినచో ఏ పేటలో ముందుగా వెదకవలెనో తెలియును. పొరుగూరినుండి రైలులో వచ్చి పోవు దొంగ విషయమున మాత్రము ఇది దారి తప్పును.

రాస్మోకు ముందే, 1980లో, ఇంగ్లండులోని యార్కుషైరు హత్యలను గూర్చి స్టూవర్ట్ కైండ్ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి గణనయే చేసి, హంతకుడు బ్రాడ్‌ఫర్డు ప్రాంతమువాడనెను. అంతవరకు పోలీసులు ఒక బూటకపు టేపును నమ్మి, దూరముననున్న సండర్లండులో గాలించుచుండిరి! 1981 జనవరిలో పట్టుబడిన పీటర్ సట్‌క్లిఫ్ బ్రాడ్‌ఫర్డు వాసియే.

అయితే ఈ లెక్కకు సూదులు అనేకము కావలెను. 2020 మే నెలలో మన వరంగల్లు చెంత గొర్రెకుంట బావిలో తొమ్మిది మృతదేహములు దొరికినవి; పొట్టకూటికై వచ్చిన వలస కుటుంబ మొకటి అందు సమసిపోయినది. తొమ్మిది ప్రాణములు, పటముమీద ఒకే సూది. అట్టిచోట గణితము చెప్పగలది స్వల్పము. ఆ కుటుంబమును ఎరిగినవారెవరు, వచ్చి పోవువారెవరు అని విచారింపవలసినదే. అంతకుముందు చేసిన హత్యను కప్పిపుచ్చుటకే వారి పరిచయస్థు డొకడు ఈ ఘోరమునకు ఒడిగట్టెనని తేలి, అదే సంవత్సరము అక్టోబరులో వరంగల్లు న్యాయస్థానము అతనికి మరణశిక్ష విధించెను.

మాకు ఇంకొక శంక కలదు. 1871 నాటి నేరస్థజాతుల చట్టము మదరాసు రాష్ట్రమున 1947లోను, దేశమంతట 1952లోను రద్దయినది. అందాక స్టూవర్టుపురము వంటి సెటిల్‌మెంట్లలో నివసించుటయే అనుమానమునకు చాలియుండెను. అది ఇంటినిబట్టి నేరము నంటగట్టు తర్కము. రాస్మో పద్ధతి నేరమునుండి ఇంటివైపు నడచును, దిక్కు వేరు. కాని కంప్యూటరు పటములో ఎఱ్ఱబారిన పేటలో దొంగ యొక్కడైనచో, నిరపరాధులు వేలమంది. ఆ యెఱుపు దస్త్రములను ఏ వరుసలో తిరుగవేయవలెనో చెప్పునే కాని, ఒక్కరినైనను ఠాణాలో నిలబెట్టుటకు సాక్ష్యము కాదు.