దొర జైలుకి పోతే లోకమంతా వార్త, పల్లెలో పాస్టరుకి కేసే లేదు: మత స్వేచ్ఛ ఎవరిది?

2016 అక్టోబరులో టర్కీ ప్రభుత్వం ఆండ్రూ బ్రన్సన్ అనే అమెరికా పాస్టరును నిర్బంధించింది. ఇజ్మీర్‌లో చిన్న చర్చి నడుపుకుంటూ ఇరవై ఏళ్లకు పైగా ఆ దేశంలోనే ఉన్న మనిషి. ఉగ్రవాదులకు సాయం చేశాడనీ, గూఢచారి అనీ నేరం మోపారు. అమెరికా ఊరుకోలేదు. 2018 ఆగస్టులో ఇద్దరు టర్కీ మంత్రుల మీద ఆంక్షలు పెట్టింది. టర్కీ ఉక్కు, అల్యూమినియం మీద సుంకాలు రెట్టింపు చేసింది. ఆ దేశపు డబ్బు విలువ పడిపోయింది. ఆ ఏడు అక్టోబరు 12న కోర్టు ఒకపక్క శిక్ష వేస్తూనే ఆయన్ని వదిలేసింది. మర్నాడు ఆయన శ్వేతసౌధంలో ఉన్నాడు.

ఇలాంటి వార్త వచ్చినప్పుడు మన పల్లెల్లో ప్రార్థనలు చేస్తారు. తప్పులేదు. ఏ మనిషినీ నమ్మకం పేరుతో జైల్లో పెట్టకూడదు. అయితే ఒక మాట అడగాలి. ఆయన్ని విడిపించింది మత స్వేచ్ఛా, అమెరికా పాస్‌పోర్టా?

తెలుగు నేల మీద కూడా ఇట్టాంటిది జరిగింది. నెల్లూరు, చిత్తూరు వైపు పనిచేసిన హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషను జర్మన్లది. 1914లో యుద్ధం వచ్చేసరికి ఆ మిషనరీలు తెల్లదొరల ప్రభుత్వానికి శత్రుదేశ పౌరులయ్యారు. చాలామందిని అహ్మద్‌నగర్ శిబిరంలో పెట్టారు. 1915-16లో 'గోల్కొండ' అనే ఓడలో జర్మనీకి పంపేశారు. పట్టుకున్నదీ క్రైస్తవ ప్రభుత్వమే, పట్టుబడిందీ క్రైస్తవులే. సంఘాల బాధ్యత అమెరికాలోని ఒహాయో సినడ్ చేతికి పోయింది. దొరలు మారారు గానీ పల్లె మారలేదు. మిషనరీ బందీ అయితే పోవడానికి ఒక దేశం ఉంది. మాల మాదిగలు పోయేదెక్కడికి?

ఇక మన పశ్చిమ ప్రకాశం సంగతి చూద్దాం. మార్కాపురం, కంభం, గిద్దలూరు 1970 దాకా కర్నూలు జిల్లాలోవి. మార్కాపురం, కంభం వైపు అమెరికన్ బాప్టిస్టులు, గిద్దలూరు వైపు ఆంగ్లికన్ ఎస్.పి.జి. మిషను పనిచేశాయి. అయితే ఈ ఉద్యమాన్ని మొదలుపెట్టింది దొరలే అనుకోవడం పొరపాటు. కనిగిరి దగ్గర తాళ్లకొండపాడు వాసి ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసే మాదిగ. 1866లో క్లౌ దొర ఒంగోలు చేరేనాటికే ఆయన గురువుల దగ్గర యోగం నేర్చి, సత్యం కోసం తిరుగుతున్నవాడు. ఊరూరా కబురు మోసింది ఆయనా, ఆయన బంధువర్గమూ.

'గంజి కోసం మతం మారారు' అనే ఎత్తిపొడుపు మనందరం విన్నదే. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకొని మనవాళ్లకు కూలి చూపించాడు. కానీ కరువు నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు సద్దుమణిగాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. గంజి అయిపోయాక వచ్చినవాళ్లు వీళ్లు. చచ్చిన గొడ్డు తినం, ఊరి జాతరకు డప్పు కొట్టం, ఆదివారం వెట్టికి రాం అన్నారు. కరణం మునసబులకు కోపమొచ్చింది దేవుడి మీద కాదు, ఆ 'రాం' అన్న మాట మీద.

ఇప్పుడు చట్టం దగ్గరికి వద్దాం. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని నమ్మడానికి, ఆచరించడానికి, ప్రచారం చేయడానికి హక్కు ఇచ్చింది. ప్రచారం హక్కులో మతం మార్చే హక్కు లేదని సుప్రీంకోర్టు 1977లో స్టానిస్లాస్ కేసులో చెప్పింది. అసలు మెలిక వేరే చోట ఉంది. 1950 ఆగస్టు 10 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులోని మూడో పేరా, హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులస్తుడు కాడంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయారు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన షెడ్యూల్డ్ కులాలవాళ్లను బి.సి. 'సి' గ్రూపులో, 1 శాతం వాటాలో పెట్టారు.

మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే ఒక ఆది ద్రావిడ క్రైస్తవుడు, తోటి పనివాళ్లకిచ్చిన బంకు నాకెందుకివ్వరని కోర్టుకెక్కాడు. అదే సూసై కేసు. మతం మారినాక కూడా అంతే తీవ్రంగా కుల బాధ ఉందని రుజువు చూపలేదని 1985లో సుప్రీంకోర్టు కొట్టేసింది. చెప్పులు కుట్టే చేయి మారలేదు, కూర్చున్న చోటూ మారలేదు. రుజువు ఇంకేం కావాలో!

మొన్న 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇంకో అడుగు వేసింది. కొత్తపాలెం అనే ఊళ్లో ఒక దళిత పాస్టరు, కులం పేరుతో తిట్టి కొట్టారని అట్రాసిటీ కేసు పెట్టాడు. క్రైస్తవుడైనవాడికి ఆ చట్టం వర్తించదని, కులపత్రం రద్దు కానంత మాత్రాన రక్షణ రాదని కోర్టు కేసు కొట్టేసింది. ఇక్కడ ఆలోచించండి. కొట్టేవాడు బైబిలు చూసి కొట్టడు, పల్లె చూసి కొడతాడు. కోర్టు మాత్రం బైబిలు చూసింది.

మా ఇంట్లో మా నాయనకు రెండు పేర్లు. చర్చి రిజిస్టరులో ఒకటి, బడి రిజిస్టరులో ఇంకొకటి. నా చదువుకు దారి చూపింది బడి పేరు. మా అమ్మ ప్రార్థనలో పిలిచేది చర్చి పేరు. దీన్ని మోసం అంటారు కొందరు. రెండు పేర్లతో బతకమని చెప్పింది ఆ మూడో పేరానే కదా!

మన తప్పు కూడా చెప్పుకోవాలి. చర్చిలోనూ మాల మాదిగ తేడాలు చావలేదు. విదేశీ మిషనరీ కోసం ఉపవాసం ఉండే సంఘం, పక్క పల్లె మనిషి మీద దెబ్బ పడితే ఠాణా మెట్లెక్కదు. ఈ మౌనం మీద కూడా పోరాడాలి.

2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మూడో పేరా తీసెయ్యమని సిఫారసు చేసింది. 2022 అక్టోబరులో కేంద్రం బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్.సి. హోదా ఇవ్వమని తీర్మానించింది. కమిషన్ల మీద కమిషన్లు వస్తున్నాయి. బ్రన్సన్ కోసం ఒక దేశం కదిలింది. మనకోసం కదిలే దేశం వేరే ఏదీ లేదు, ఉన్నది ఇదే. నమ్మకం మార్చుకున్నందుకు రక్షణ ఊడబెరికే చట్టం ఉన్నన్నాళ్లూ, దళితుడికి మత స్వేచ్ఛ అనేది వెల కట్టిన స్వేచ్ఛే. ఆ వెల తీసెయ్యమని అడగడమే మన పని.