బిడ్డకు పడనిది ఏదో తేల్చడం ఎలా?

ఆహారంలోని ఒక మాంసకృత్తును శరీర రక్షణ వ్యవస్థ శత్రువుగా పొరబడి ఎదురుతిరగడమే ఆహార అలర్జీ. పాలు, గుడ్డు, పల్లీలు, జీడిపప్పు, గోధుమ, నువ్వులు, చేపలు, రొయ్యలు దీనికి తరచుగా కారణమవుతాయి. చాలావరకు తిన్న కొన్ని నిమిషాల నుంచి రెండు గంటలలోపే దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు కనిపిస్తాయి. గొంతు బిగిసినా, ఊపిరి ఆడకపోయినా, బిడ్డ సొమ్మసిల్లినా కారణం వెతుకుతూ కూర్చోకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడ ముందుగా తొడ కండరానికి ఇవ్వాల్సిన మందు అడ్రినలిన్. దద్దుర్లకు వాడే మాత్రలు దానికి బదులు కావు.

అయితే ప్రతి దద్దురూ తిండి వల్ల వచ్చింది కాదు. పిల్లల్లో వైరల్ జ్వరాలతోనూ దద్దుర్లు వస్తాయి. ఆ రోజు తిన్న గుడ్డు మీద నింద పడుతుంది. టమాటా రసం తగిలి మూతి చుట్టూ ఎర్రబడటం చాలాసార్లు చర్మం మండటమే. పాలు తాగితే కడుపు ఉబ్బరం, విరేచనాలు మాత్రమే ఉంటే పాలలోని చక్కెర లాక్టోజ్ అరగకపోవడం కావచ్చు.

అసలు విషయం తేల్చేది ఎక్కువగా తల్లిదండ్రులు చెప్పే వివరమే. ఏం తిన్నాడు, ఎంత తిన్నాడు, ఎంతసేపటికి మొదలైంది, అంతకుముందు అదే తిన్నప్పుడు ఏమైంది? ఇడ్లీ తిన్న పావుగంటకు ఒళ్లంతా దద్దుర్లు లేస్తే చట్నీలోని పల్లీలను అనుమానించాలి. ఆ తర్వాత అదే చట్నీ ఏ ఇబ్బందీ లేకుండా తిని ఉంటే ఆ అనుమానం దాదాపు పోయినట్టే. దద్దుర్లను ఫోటో తీసి, తిన్న ప్యాకెట్‌ను దాచి ఉంచితే డాక్టరుకు ఎంతో ఉపయోగం.

పరీక్షలు ఆ తర్వాతే. చర్మం మీద సూదిమొనతో గుచ్చి పావుగంట తర్వాత చూసే పరీక్ష, రక్తంలో ఐజీఈ అనే అలర్జీ ప్రతిరక్షకాన్ని వెతికే పరీక్ష ఉన్నాయి. వీటిలో పాజిటివ్ రావడమే అలర్జీకి రుజువు కాదు. కర్ణాటకలో పెద్దలపై చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 26 శాతం మందికి ఏదో ఒక ఆహారానికి ఐజీఈ కనిపించింది. అలర్జీ ఉన్నట్టు తోచినవారు సుమారు 1.2 శాతమే. అందుకే పదుల ఆహారాలకు ఒకేసారి చేయించే ప్యానెల్ పరీక్షలు ఇంట్లో భయాన్నే నింపుతాయి. ఐజీజీ అనే మరో ప్రతిరక్షకాన్ని చూసే పరీక్షలు అలర్జీని తేల్చడానికి పనికిరావు.

పసిపిల్లల్లో ఆవుపాల వల్ల మలంలో రక్తపు చారలు కనిపించే రకానికి ఈ పరీక్షలు అక్కరకు రావు. డాక్టరు సలహాతో రెండు నుంచి నాలుగు వారాలు పాలు, పెరుగు, వాటితో చేసినవి మాని, మళ్లీ మొదలుపెట్టి చూడాలి. తల్లిపాలు తాగే బిడ్డయితే పథ్యం తల్లికి; తల్లిపాలు మాన్పనక్కర్లేదు. తక్షణ అలర్జీపై సందేహం మిగిలితే, ఆసుపత్రిలో వైద్యుల కళ్లెదుట ఆ ఆహారాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ తినిపిస్తారు. అన్నిటికన్నా నమ్మదగిన పరీక్ష ఇదే. దీన్ని ఇంట్లో ప్రయత్నించకూడదు.

రుజువు లేకుండా ఆహారాలు మాన్పించడం ఎదిగే బిడ్డకు అన్యాయం. ముందుజాగ్రత్తగా మాన్పించడమూ మేలు చేయకపోవచ్చు. లండన్‌లో 640 మంది పసివాళ్లపై జరిపి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, అలర్జీ ముప్పు ఎక్కువున్నా ఏడాదిలోపే పల్లీల పదార్థాలు తిన్నవారిలో పల్లీ అలర్జీ బాగా తగ్గింది. నిర్ధారణ అయినా అది జీవితాంతం ఉంటుందని కాదు. పాలు, గుడ్డు అలర్జీ చాలామందికి వయసుతో పోతుంది. పల్లీలది సుమారు ఐదుగురిలో ఒకరికే. కాబట్టి డాక్టరు చెప్పిన వ్యవధిలో మళ్లీ చూపించుకోవాలి.