ఇందుకూరుపేట పెరట్లో బంగాళాదుంప - విత్తన దుంప ఎంపికే కీలకం

నెల్లూరు ప్రాంతంలో ఉర్లగడ్డగా వ్యవహరించే బంగాళాదుంప వంటింటికి పాతదే గాని పెరటికి కొత్త. రాష్ట్రంలో ఈ పంటకు పేరుపొందిన పలమనేరు, వి.కోట ప్రాంతాలు పీఠభూమిపై ఉండటం వల్ల అక్కడి రాత్రులు చల్లగా ఉంటాయి. పెన్నా డెల్టాలో సముద్రాన్ని ఆనుకొని ఉన్న ఇందుకూరుపేట మండలంలో ఆ సౌలభ్యం లేదు. అయినా చలికాలంలో కొద్దిపాటి స్థలంలో ఈ పంటను పండించే అవకాశం ఉంది. అయితే బజారులో కూరకు కొన్న దుంపల్లో మొలకెత్తిన వాటిని నాటితే పంట చేతికి రాకపోవడమే కాదు, ఏటా వంగ, టమాట, మిరప పండే పెరటి నేల కూడా తెగులు బారిన పడవచ్చు. విస్తరణ సిబ్బంది గృహస్థులకు ముందుగా వివరించవలసిన విషయం ఇదే.

విత్తనం కాదు, కాండం

బెండ, వంగ గింజలను ఇంట్లోనే దాచి మరుసటి ఏడు విత్తుకోవడం మన ఆడపడుచులకు తరతరాల అలవాటు. బంగాళాదుంప విషయంలో ఈ పద్ధతి పనికిరాదు. దుంప నేలలో ఊరిన కాండ భాగమే గాని గింజ కాదు. చాలా వైరస్‌లు గింజ ద్వారా తరువాతి తరానికి చేరవు. దుంప మాత్రం తల్లి మొక్కలోని వైరస్‌లను, బాక్టీరియాను, శిలీంధ్రాలను తనతోపాటు మోసుకొస్తుంది. 1845లో ఐర్లండ్‌లో మొదలైన మహాక్షామానికి కారణమైన లేట్ బ్లైట్ తెగులు సూక్ష్మజీవి సైతం తెగులు సోకిన దుంపల్లోనే ఒక కాలం నుంచి మరో కాలానికి బతికి వచ్చేది.

ఈ కారణంగానే విత్తన దుంపల ఉత్పత్తిని ప్రత్యేక పద్ధతిలో చేపడతారు. కేంద్రీయ బంగాళాదుంప పరిశోధనా సంస్థ 1959లో రూపొందించిన సీడ్ ప్లాట్ విధానంలో, ఉత్తరాది మైదానాల్లో పేనుబంక తక్కువగా ఉండే కాలంలో విత్తన పంటను పెంచుతారు. వంద సంయుక్త పత్రాలకు 20 పేనుబంక పురుగులు చేరేలోగా తీగను నరికివేసి దుంపకు వైరస్ చేరకుండా కాపాడతారు. ఆ తరువాత తవ్విన దుంపలను 2 నుంచి 4 డిగ్రీల శీతల గిడ్డంగుల్లో భద్రపరుస్తారు.

బజారు దుంపతో ముప్పు

కూరకు అమ్మే దుంపలకు ఇటువంటి రక్షణ ఉండదు. నిల్వలో మొలకెత్తకుండా వాటిలో కొన్నింటికి క్లోర్‌ప్రొఫామ్ అనే రసాయనాన్ని పట్టిస్తారు. అటువంటివి నాటినా మొలవవు. మొలిచిన వాటితో మరింత ప్రమాదం. బాక్టీరియా ఎండు తెగులును కలిగించే రాల్‌స్టోనియా, పైకి ఆరోగ్యంగా కనిపించే దుంపలోనూ దాగి ఉండగలదు. వెచ్చని, తేమగల నేలల్లో ఇది వేగంగా వృద్ధి చెందుతుంది. వంగ, టమాట, మిరప కూడా ఇదే కుటుంబపు పంటలు కనుక వీటికీ ఈ తెగులు సోకుతుంది. ఒక కిలో దుంపలతో వచ్చిన తెగులు ఆ పెరట్లో కొన్నేళ్లపాటు వంగను పండనీయకపోవచ్చు.

కాబట్టి ధ్రువీకరణ పొందిన విత్తనాన్ని మాత్రమే వాడాలి. 30 నుంచి 40 గ్రాముల బరువు ఉండి, గట్టిగా, ముడతలు లేకుండా ఉన్న దుంపలను ఎంచుకోవాలి. కన్నుల వద్ద జిగురు ఊరినా, మట్టి అంటుకొని ఉన్నా ఆ దుంపను తీసివేయాలి. అనుమానమున్న సంచిలో ఒకటి రెండు దుంపలను కోసి చూస్తే, లోపల గోధుమ రంగు వలయం కనిపించినప్పుడు ఆ విత్తనాన్ని పూర్తిగా మానుకోవాలి. దుంపలను ముక్కలుగా కోసి నాటడం చల్లని ప్రాంతాల్లో చెల్లుతుంది గాని ఇక్కడ తగదు. వెచ్చని నేలలో ముక్కలు కుళ్లిపోతాయి. కత్తి ద్వారా తెగులు ఒక దుంప నుంచి మరొక దానికి వ్యాపిస్తుంది.

ఎనభై రోజుల గడువు

బంగాళాదుంప ఊరడానికి పగటి వేడి కంటే రాత్రి ఉష్ణోగ్రత ముఖ్యం. సాధారణ రకాలకు రాత్రి 20 డిగ్రీలు మించితే దుంప ఊరడం మందగిస్తుంది. నెల్లూరు తీరంలో డిసెంబరు, జనవరి నెలల్లో మాత్రమే కనిష్ఠ ఉష్ణోగ్రత ఆ దరిదాపులకు దిగుతుంది. అందువల్ల వేడిని తట్టుకొనే స్వల్పకాలిక రకం అవసరం. 2006లో విడుదలైన కుఫ్రీ సూర్య రకం రాత్రి ఉష్ణోగ్రత 25 డిగ్రీల వరకు ఉన్నా దుంప ఊరుతుంది. 75 నుంచి 90 రోజుల్లో కోతకు వస్తుంది. కుఫ్రీ లీమా కూడా వేడిని తట్టుకొనే రకమే.

నాటిన 30 నుంచి 35 రోజులకు దుంపలు ఏర్పడటం మొదలవుతుంది. నవంబరు మూడో వారంలో నాటితే డిసెంబరు చివర దుంప కట్టి, జనవరి చలిలో ఊరి, ఫిబ్రవరి మొదటి పక్షంలో తవ్వకానికి సిద్ధమవుతుంది. డిసెంబరు చివర నాటితే దుంప ఊరే దశ ఫిబ్రవరి, మార్చి వేడిలో పడుతుంది. అప్పుడు ఆకు గుబురుగా పెరిగినా అడుగున గోలీకాయలే మిగులుతాయి. అయితే నవంబరు ఈశాన్య రుతుపవన కాలం. వాయుగుండం సూచన ఉన్నప్పుడు నాటడాన్ని కొద్దిరోజులు వాయిదా వేయడమే మేలు. నీరు నిలిచిన నేలలో విత్తనం మొలకెత్తకముందే కుళ్లుతుంది.

శీతల గిడ్డంగి నుంచి తెచ్చిన దుంపలను వెంటనే నాటరాదు. పది పదిహేను రోజులు నీడపట్టున, గాలి, పలుచని వెలుతురు తగిలేచోట ఒకే వరుసగా పరచాలి. పొట్టిగా, లావుగా, ఆకుపచ్చగా మొలకలు వచ్చిన దుంపలు తొందరగా అంకురించి విలువైన రోజులను మిగులుస్తాయి. చీకట్లో పెరిగిన తెల్లని పొడవాటి మొలకలు నాటేటప్పుడే విరిగిపోతాయి.

నేల, నీరు, యాజమాన్యం

తీరప్రాంతంలో ఉప్పు మరో అవరోధం. నేల ద్రావణపు విద్యుత్ వాహకత 1.7 డెసిసైమన్లు దాటితే బంగాళాదుంప దిగుబడి తగ్గడం ప్రారంభమవుతుంది. ఆపై ప్రతి యూనిట్‌కు సుమారు 12 శాతం నష్టం ఉంటుంది. రొయ్యల చెరువుల సమీపంలోని ఇళ్లవారు నాటేముందు మట్టితోపాటు బోరు నీటిని కూడా పరీక్ష చేయించుకోవాలి. ఉప్పు ఎక్కువగా ఉంటే మంచి మట్టి, పశువుల ఎరువు నింపిన గోనె సంచుల్లో మంచినీటితో పెంచడమే మార్గం.

పది చదరపు మీటర్ల మడికి 25 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు వేసి, 60 సెంటీమీటర్ల దూరంలో ఎత్తైన బోదెలు తోలుకోవాలి. బోదెపై 20 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున నాటితే సుమారు 83 దుంపలు, అంటే దాదాపు మూడు కిలోల విత్తనం సరిపోతుంది. బోదెలపై పాత వరిగడ్డి పరిస్తే నేల చల్లగా ఉండి తేమ నిలుస్తుంది. 25 నుంచి 30 రోజులకు మట్టిని ఎగదోయాలి. ఎండ తగిలి ఆకుపచ్చబారిన దుంపల్లో విషపదార్థమైన సొలనిన్ పెరుగుతుంది కనుక అవి తినడానికి పనికిరావు. తేలికపాటి తడులు తరచుగా ఇవ్వాలి. తవ్వకానికి పది రోజుల ముందు నీరు ఆపి, తీగను కోసివేస్తే దుంప తోలు గట్టిపడుతుంది.

ఆకులు పసుపు రంగుకు మారకుండానే మొక్క హఠాత్తుగా వాడితే, కాండం అడుగుభాగాన్ని కోసి గాజు గ్లాసులోని తేట నీటిలో వేలాడదీయాలి. కొద్ది నిమిషాల్లో పాల దారాల వంటి స్రావం దిగితే అది బాక్టీరియా ఎండు తెగులే. ఆ మొక్కను వేరు చుట్టూ ఉన్న మట్టితో సహా తీసి నాశనం చేయాలి. ఎరువు గుంటలో వేయరాదు. ఆ స్థలంలో రెండు మూడేళ్లు వంగ కుటుంబపు పంటలు మాని మొక్కజొన్న, ఉల్లి, వెల్లుల్లి వంటివి వేయాలి.

పండిన దుంపల్లో మంచివాటిని వచ్చే ఏటికి దాచుకోవాలన్న ఆలోచన సహజమే. ఫిబ్రవరిలో తవ్విన దుంప నవంబరు దాకా నెల్లూరు వేసవిని ఇంట్లో దాటలేదు. కుళ్లడమో, మొలకలు పోసి వడలిపోవడమో జరుగుతుంది. మిగిలినవాటిలోనూ పేనుబంక, తెల్లదోమ తెచ్చిన వైరస్‌లు ఉండే అవకాశం ఎక్కువ. కనుక పండినదంతా వంటింటికే చేరాలి. ఏటా కొత్త విత్తనానికయ్యే ఖర్చు చిన్నది. దానిని మిగుల్చుకోబోయి వంగమడిని పోగొట్టుకోరాదు.