గట్టు వేసి, గండి పూడ్చి: థీసిస్‌కు పేజీ నంబర్లు

1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయ్యాక ఎడమ కాలువ కిందికి కోస్తా నుంచి తెలుగు రైతులు తరలి వచ్చారు. వాళ్ల ఊళ్లను కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో ఇప్పటికీ క్యాంపులనే అంటారు. సింధనూరు దగ్గరి అలాంటి ఒక క్యాంపు అమ్మాయి రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చదివి, వరి మీద థీసిస్ రాసిందనుకుందాం. రెండేళ్ల కష్టాన్ని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని జిరాక్స్ షాపుకు వెళ్లింది. సర్టిఫికెట్, కృతజ్ఞతలు, విషయసూచిక ఉన్న పేజీలకు చిన్న రోమన్ అంకెలు ఉండాలి. మొదటి అధ్యాయం 1తో మొదలవ్వాలి. అట్ట పేజీకి అసలు నంబరే కనబడకూడదు. థీసిస్‌లకు మామూలుగా ఉండే పద్ధతే ఇది. కానీ రోమన్ పెడితే పుస్తకమంతా రోమన్ అవుతోంది. అట్ట మీది నంబరు చెరిపితే అన్ని పేజీల్లోనూ నంబర్లు పోతున్నాయి. ఇలాంటప్పుడు విసిగిపోయి చాలామంది ఒక్కో పేజీ కింద చేత్తో అంకె కొట్టడం మొదలుపెడతారు. అది మాత్రం చేయకండి. ఫుటర్‌లో ఒక చోట కొట్టిన అంకే పేజీలన్నిటికీ పడుతుంది. ఫుటర్ బయట కొడితే, మధ్యలో ఒక్క పేరా పెరిగినా అంకె ఇంకో పేజీకి జారుతుంది.

వర్డ్‌లో పేజీ నంబరు నిజానికి అంకె కాదు. ‘ఇది ఎన్నో పేజీ?’ అని ఫుటర్‌లో మనం పెట్టే ప్రశ్న. ప్రతి పేజీలోనూ లెక్క చూసి జవాబు చెప్పేది కంప్యూటరే. మనం చేయాల్సిందల్లా లెక్క ఎక్కడ కొత్తగా మొదలవ్వాలో చెప్పడం. దానికే సెక్షన్.

సెక్షన్ అంటే వరి మడి. గట్టు లేకపోతే ఒక మూల పెట్టిన నీరు పొలమంతా పారుతుంది. పేజ్ బ్రేక్ గట్టు కాదు, రాతను కొత్త పేజీకి తోస్తుంది, అంతే. మొదటి అధ్యాయం శీర్షిక ముందు కర్సర్ పెట్టి, లేఅవుట్‌లో బ్రేక్స్ నొక్కి, సెక్షన్ బ్రేక్స్ కింద ఉన్న నెక్స్ట్ పేజ్ ఎంచుకోండి. అప్పుడు గట్టు పడుతుంది. అయితే ఆ గట్టుకు పుట్టుకతోనే ఒక గండి ఉంటుంది. దాని పేరు లింక్ టు ప్రీవియస్. మొదటి అధ్యాయం ఫుటర్ మీద రెండుసార్లు క్లిక్ చేసి దాన్ని ఆపేయండి. చాలామంది మరిచిపోయేది ఇదే.

ఇక మిగిలింది తేలిక. ఇన్‌సర్ట్‌లో పేజ్ నంబర్‌తో రెండు భాగాల్లోనూ నంబరు పెట్టండి. ముందు భాగంలో ఫార్మాట్ పేజ్ నంబర్స్ తెరిచి చిన్న రోమన్ ఎంచుకోండి. అధ్యాయాల భాగంలో మామూలు అంకెలు ఎంచుకుని, స్టార్ట్ ఎట్ దగ్గర 1 వేయండి. అట్ట పేజీకి డిఫరెంట్ ఫస్ట్ పేజ్ టిక్ పెడితే దాని నంబరు ఒక్కటే పోతుంది. లిబ్రేఆఫీస్‌లో దారి వేరు. అక్కడ పేజ్ స్టైల్ మార్చాలి.

కన్నడంలో రాసేవారికి ఇంకో చిక్కు ఉంది. పాత నుడి ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కన్నడ అక్షరాల ముక్కలు కూర్చున్నాయి. ఫుటర్‌కు ఆ ఫాంటే పడితే రోమన్ ఒకటికి బదులు కన్నడ ‘య’లో ఒక ముక్క కనబడుతుంది. ఫైలు పాడైందని కంగారుపడకండి. ఆ నంబరును సెలెక్ట్ చేసి టైమ్స్ న్యూ రోమన్‌కు మార్చండి, చాలు.

ఇంత శ్రద్ధ అవసరమా అని అడగొచ్చు. తాటాకు గ్రంథాల రోజుల్లోనే ఆకు అంచున అంకె వేసేవారు. తాడు తెగి ఆకులు చెదిరితే వరుస పెట్టడానికి అదే ఆధారం. బైండింగుకు ముందు కట్టలు జారిపడితే ఇవాళా అంతే.

చివరగా విషయసూచిక మీద కుడి క్లిక్ చేసి, అప్‌డేట్ ఫీల్డ్‌లో ఎంటైర్ టేబుల్ ఎంచుకోండి. ఆ తర్వాత మీ కంప్యూటర్‌లోనే పీడీఎఫ్ చేసుకుని షాపుకు అదే పట్టుకెళ్లండి. అక్కడ మీ ఫాంటు లేకపోతే వర్డ్ ఫైలులో పంక్తులు జరిగి పేజీలు మారిపోతాయి. పీడీఎఫ్‌లో మారవు.