వార్తల్లో పదం: రీఫర్ కంటైనర్

నిజాంపట్నం, రేపల్లె చెరువుల్లో పట్టిన వనామీ రొయ్య సముద్రాలు దాటేది ఈ పెట్టెలోనే. సాధారణంగా 40 అడుగుల పొడవుండే దీనికి శీతల యంత్రం బిగించి ఉంటుంది. ప్లాంటులో తల తీసి గడ్డకట్టించిన రొయ్యను మైనస్ 18 డిగ్రీల వద్ద కాపాడుతుంది. రోడ్డు మీద జనరేటర్‌తో, ఓడలో కరెంటు ప్లగ్గుతో నడుస్తుంది.

ఎందుకు వార్తల్లో?
2023 చివర్లో ఎర్రసముద్రంలో హౌతీ తిరుగుబాటుదారుల దాడులు మొదలయ్యాక చాలా ఓడలు సూయజ్ కాలువ వదిలి ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాయి. ప్రయాణ కాలం, కిరాయి రెండూ పెరిగాయి. దీనికి తోడు 2025 ఆగస్టులో అమెరికా భారత రొయ్యపై అదనపు సుంకాన్ని 50 శాతానికి చేర్చింది.

విమానం సంగతి?
పిల్లల ఉత్పత్తికి తెచ్చే విదేశీ తల్లిరొయ్యలు మాత్రం ప్రాణాలతో చెన్నైలో విమానం దిగి, క్వారంటైన్ దాటాకే బాపట్ల తీరంలోని హేచరీలకు చేరతాయి. ప్రాణమున్న సరుకుకు వేగమే ముఖ్యం కాబట్టి ఎక్కువ కిరాయి తప్పదు.

రైతుకేంటి?
కిరాయి, సుంకం పెరిగినప్పుడల్లా ఆ భారం చెరువు గట్టు ధర మీదా పడుతుంది. అందుకే కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) రేటుతోపాటు ఓడ కిరాయి కూడా రైతుకు రోజూ తెలియాలి.