షేరు అంటే భాగస్వామ్యం

రంజాన్‌లో జకాత్ లెక్క చూపించుకోవడానికి దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ వైపు నుంచి వచ్చే దాతలు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "బ్యాంకు వడ్డీ వద్దనుకున్నాం. పిల్లల చదువుకు, హజ్‌కు దాచిన డబ్బు ఎక్కడ పెట్టాలి? షేర్లు కొంటే జూదం కాదా?"

దీనికి సరైన జవాబు అందకే మనవాళ్లు ఎందరో నష్టపోయారు. 2018లో ఇక్కడ హీరా గోల్డ్, 2019లో బెంగళూరులో ఐఎంఏ కుప్పకూలాయి. రెండూ వడ్డీ లేని హలాల్ లాభమన్న మాటతోనే డబ్బు సేకరించాయి. ఇళ్లమ్మిన సొమ్ము, రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ము వాటిలో పెట్టినవారున్నారు.

అసలు వ్యాపారంలో లాభం నెలనెలా ఒకే తీరుగా వస్తుందా? కొత్తపేటలో పండ్ల మార్కెట్ ఉన్న రోజులు గుర్తు చేసుకోండి. ఇద్దరు కలిసి ఒక లారీ మామిడి కొంటే, ధర పలికితే ఇద్దరికీ లాభం, కాయ కుళ్లితే ఇద్దరికీ నష్టం. షేరు కూడా అంతే, కంపెనీలో చిన్న వాటా. నష్టం ఉండదని ఎవరైనా హామీ ఇస్తే అది భాగస్వామ్యం కాదు, అక్కడి నుంచి లేచి రండి.

అయితే ప్రతి కంపెనీ మనకు పనికిరాదు. కొత్తవారికి అందరూ నిఫ్టీ ఇండెక్స్ ఫండ్ కొనమంటారు. అందులో పెద్ద వాటా బ్యాంకులదే, సిగరెట్లు చేసే ఐటీసీ కూడా ఉంది. అందుకే ఉలమా కొన్ని హద్దులు గీశారు. బహ్రెయిన్‌లోని అయోఫీ సంస్థ ప్రమాణం ప్రకారం కంపెనీ వడ్డీ అప్పు దాని మార్కెట్ విలువలో 30 శాతం లోపు, నిషిద్ధ ఆదాయం మొత్తం రాబడిలో 5 శాతం లోపు ఉండాలి. ఈ లెక్కలు మనమే చూడలేం కాబట్టి నిఫ్టీ షరియా సూచీలు, టాటా ఎథికల్ ఫండ్ వంటివి ఉన్నాయి. పేర్లు చెప్పాం గానీ సిఫారసు చేయడం లేదు. ముఫ్తీ సాబ్‌ను అడిగి నిర్ణయించుకోండి.

మొదలుపెట్టడం కష్టమేమీ కాదు. పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా ఉంటే సెబీ నమోదు ఉన్న బ్రోకర్ దగ్గర డీమ్యాట్ ఖాతా తెరవొచ్చు. ఫండ్‌కైతే డీమ్యాట్ కూడా అక్కర్లేదు. నెలకు వెయ్యి రూపాయలు చాలు. ఐదారేళ్ల లోపు అవసరమయ్యే పెళ్లి ఖర్చు మాత్రం ఇందులో పెట్టకండి. ఒకే కంపెనీని నమ్ముకోకండి. 2009 జనవరి 7న మన హైదరాబాద్ సత్యం షేరు ఒక్కరోజులోనే మూడొంతులకు పైగా విలువ పోగొట్టుకుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ కోచింగ్‌కూ కొదవ లేదు. వారంలో ట్రేడింగ్ నేర్పిస్తామంటే మన కుర్రాళ్లకు ఈ లెక్క చెప్పండి. ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది మూడేళ్లలో నష్టపోయారని 2024లో సెబీ తేల్చింది. జూదమన్న మాట దానికి సరిపోతుంది.

చివరిగా జకాత్ సంగతి. అమ్మడానికే కొన్న షేర్లయితే ఆనాటి ధర మీద రెండున్నర శాతం. ఏళ్లపాటు ఉంచుకునేవాటి లెక్క వేరు, ఆలిమ్‌ను అడగాలి. డివిడెండ్‌లో కలిసిన వడ్డీ భాగాన్ని సవాబు ఆశించకుండా పేదలకిచ్చేయాలి. అది మాకు పంపితే రసీదు మీద జకాత్ అని రాయించకండి, విడిగా చెప్పండి. ఆ సొమ్ముకు వేరే పద్దు పెడతాం.